జెడ్50 టూనా, జెడ్5 టూనా? 200-500 లెన్సు వెనక ఏ సెన్సర్ పెట్టాలి?

పెన్నాతీరం | నెల్లూరు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది నికాన్ డి5300, 2013లో వచ్చిన మోడల్. దాని మీద సెకండ్ హ్యాండ్‌లో కొన్న 200-500 ఎఫ్ 5.6 లెన్సు. చలికాలం వస్తే ఆదివారం పొద్దున నేను ఇంట్లో ఉండను. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల (పెలికాన్ల) దగ్గరో, పులికాట్ మధ్యలో శ్రీహరికోట పోయే రోడ్డు మీదో ఉంటా. (2022లో జిల్లాలు విడగొట్టి ఇవి ఉన్న సూళ్ళూరుపేట వైపుని తిరుపతిలో కలిపారు. గూడబాతులకి ఆ జీవో ఇంకా అందినట్టు లేదు, మాకూ అది నెల్లూరే.)

డి5300 ముసలిదైపోయింది. ఎగిరే పక్షి మీద ఫోకస్ నిలవడం లేదు, షట్టర్ బటన్ రెండుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతోంది. లెన్సు మార్చే స్తోమత లేదు కాబట్టి దాన్నే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత లెన్సుని కొత్త బాడీకి తగిలించేది) వాడుకోవాలి. బాడీ మటుకు ఈ రెండు నికాన్ కెమెరాల్లో ఒకటి:

జెడ్50 టూ: ఏపీఎస్-సీ సెన్సర్ (చిన్నది, 'క్రాప్' అనేది ఇదే), 23.5 × 15.7 మి.మీ., 20.9 మెగాపిక్సెళ్ళు.
జెడ్5 టూ: ఫుల్ ఫ్రేమ్, 35.9 × 23.9 మి.మీ., 24.5 మెగాపిక్సెళ్ళు.

రెండిట్లోనూ ప్రాసెసర్ ఒకటే, ఎక్స్‌పీడ్ 7. పక్షిని గుర్తుపట్టే ఫోకస్ రెండిట్లోనూ ఉంది. అంటే నేను అదనంగా పెట్టే డబ్బు ఎక్కువగా సెన్సర్‌కే. షాపులో అడిగితే 'ఫుల్ ఫ్రేమ్ తీసుకోండి సార్, పక్షి అదిరిపోద్ది' అన్నారు. అదిరిపోయే పక్షి నాకెందుకు, నిలబడేది కావాలి.

ఇంకో బాధ. డి5300లో 24 మెగాపిక్సెళ్ళు ఉన్నాయి. పదేళ్ళు దాటాక కొత్త కెమెరా కొని 20.9కి దిగడమేంది?

పక్షులు కాక స్కూలు వార్షికోత్సవం, చుట్టాల రిసెప్షన్లు కూడా నా నెత్తినే పడతాయి.


ఒంగోలు ఫ్లాష్ | ఒంగోలు | ఆదివారం రాత్రి 10:05

ఆలోచించేదేముందన్నా, ఫుల్ ఫ్రేమే. నేను జెడ్5 టూతో ఈ సీజన్ అంతా పెళ్ళిళ్ళు చేస్తన్నా. రాత్రి రిసెప్షన్‌లో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచేది) 6400 పెట్టినా ఆల్బమ్‌కి దర్జాగా పోతంది. ఇంతకుముందు క్రాప్ బాడీతో 3200 దాటాలంటే గుండె దడ. పట్టుచీర మడతల్లో రంగురంగుల చుక్కలు తేలేవి. పెద్ద సెన్సర్ పెద్ద సెన్సరే.


కావలి కుర్రోడు | కావలి | ఆదివారం రాత్రి 10:11

మా మామ ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. మీరందరూ 20, 24 దగ్గరే కొట్టుకుంటున్నారేంది అన్నా?


లెక్కల మాస్టారు | కందుకూరు | ఆదివారం రాత్రి 11:20

తమ్ముడూ, ఆ 200 మెగాపిక్సెళ్ళ ఫోన్లు మామూలుగా పదహారు పిక్సెళ్ళని కలిపి ఒకటిగా లెక్కేసి 12.5 మెగాపిక్సెళ్ళ ఫోటో ఇస్తాయి. కలపకముందు ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పెన్నాతీరం గారు అడిగిన జెడ్50 టూలో పిక్సెల్ 4.2 మైక్రాన్లు, జెడ్5 టూలో 5.9. ఆ ఫోన్ పిక్సెళ్ళు దాదాపు యాభై చేరిస్తే గానీ జెడ్50 టూ పిక్సెల్ ఒక్కటి నిండదు. మామకి చెప్పకు, బాధపడతాడు.

ఇక అసలు ప్రశ్న. 24 నుంచి 20.9కి దిగడం గురించి దిగులు వద్దు. డి5300 ఫోటో అడ్డంగా 6000 పిక్సెళ్ళు, జెడ్50 టూది 5568. నూటికి ఏడు తేడా. పక్షికి మీరు రెండడుగులు దగ్గరికి జరిగితే తీరిపోయే తేడా కాదు గానీ, 60 మీటర్ల దూరం నుంచి నాలుగైదు మీటర్లు జరిగితే తీరిపోద్ది.

పెద్ద సెన్సర్ విషయంలో ఒంగోలు తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అది నేలపట్టు ప్రశ్నకి జవాబు కాదు. కాగితం మీద చూపిస్తా.

గూడబాతు ముక్కు నుంచి తోక దాకా సుమారు 1.4 మీటర్లు అనుకోండి. మీకూ దానికీ మధ్య 60 మీటర్లు. లెన్సు 500 మి.మీ. దగ్గర ఉంది. అప్పుడు సెన్సర్ మీద పడే బొమ్మ పొడవు 500 ÷ 60,000 × 1,400, అంటే 11.7 మి.మీ. ఈ లెక్కలో ఎక్కడైనా సెన్సర్ సైజు వచ్చిందా? రాలేదు. వెనక ఏ కెమెరా ఉన్నా గూడబాతు బొమ్మ 11.7 మిల్లీమీటర్లే.

జెడ్50 టూలో అది ఫ్రేములో సగం. జెడ్5 టూలో మూడో వంతు, చుట్టూ నీళ్ళు, ఆ నీళ్ళలో పెరిగే కడప చెట్లు, ఖాళీ. ఆ 11.7 మిల్లీమీటర్లలో పిక్సెళ్ళు ఎన్ని? జెడ్50 టూలో సుమారు 2,770. జెడ్5 టూలో 1,970. పక్షి మీద ఎక్కువ వివరం పట్టేది చిన్న సెన్సరే.


ఒంగోలు ఫ్లాష్ | ఒంగోలు | సోమవారం ఉదయం 7:15

వివరం సంగతి సరే మాస్టారూ. నాయిస్, అదే ఆ చుక్కల సంగతేంది? పిక్సెల్ పెద్దదైతే వెలుతురు ఎక్కువ పడద్ది కదా. ఆ మాట ప్రతి యూట్యూబ్ వీడియోలో చెప్తనే ఉన్నారు. నా ఆల్బమ్‌లు కూడా అదే చెప్తన్నాయి.


లెక్కల మాస్టారు | కందుకూరు | సోమవారం మధ్యాహ్నం 1:30

నీ ఆల్బమ్‌లు అబద్ధం చెప్పడం లేదు తమ్ముడూ. అక్కడ నువ్వు పెళ్ళికొడుకు, పెళ్ళికూతురితో ఫ్రేము నింపుతున్నావు.

కళ్ళం దగ్గరికి రండి. రెండు బస్తాల వడ్లు చిన్న పట్టా మీద ఆరబోశారు. అవే రెండు బస్తాలు పెద్ద పట్టా మీద ఓ మూల ఆరబోశారు. పట్టా పెద్దదైందని వడ్లు పెరిగాయా? రెండు బస్తాలే. పెద్ద పట్టా నిండా పోసేటన్ని వడ్లు మీ దగ్గరుంటేనే పెద్ద పట్టాతో పని.

గూడబాతు ఆ రెండు బస్తాలు. అదే లెన్సు, అదే ఎఫ్ 5.6, అదే షట్టర్ స్పీడు, అదే దూరం. పక్షి నుంచి వచ్చి ఆ 11.7 మి.మీ. మీద పడే వెలుతురు రెండు కెమెరాల్లోనూ ఒకటే. పెద్ద పిక్సెళ్ళు తక్కువమంది కలిసి పంచుకుంటాయి, చిన్నవి ఎక్కువమంది. రెండు ఫోటోల్లో పక్షిని ఒకే సైజులో పెట్టి చూస్తే నాయిస్ దాదాపు ఒకటే కనపడాలి. మీరు స్క్రీన్ మీద నూరు శాతం జూమ్ చేసి పోలుస్తారు, అక్కడే మోసపోయేది. పిక్సెల్‌ని పిక్సెల్‌తో పోలుస్తున్నారు గానీ పక్షిని పక్షితో కాదు.

రిసెప్షన్‌లో అట్టా కాదు. క్రాప్ కెమెరాకి 56 మి.మీ. లెన్సు పెట్టే చోట ఫుల్ ఫ్రేమ్‌కి 85 పెట్టి, ఫ్రేము నింపుతారు. సెన్సర్ వైశాల్యం 2.3 రెట్లు, అంటే ఒక స్టాప్‌కి (రెట్టింపు వెలుతురుకి) కాస్త పైన లాభం. నీ 6400, పాత కెమెరాలో 3200 కంటే ఓ పిసరు తక్కువ ఐఎస్ఓ లాగా కనపడేది అందుకే.

కాబట్టి పెన్నాతీరం గారూ, ఆ సెన్సర్‌ని నింపగలరా లేదా అని మీరే చెప్పాలి.


పెన్నాతీరం | నెల్లూరు | సోమవారం రాత్రి 8:50

నింపలేను మాస్టారూ. నేలపట్టులో వాచ్ టవర్ ఎక్కినా గూళ్ళ మీద పక్షి ఫ్రేము నిండదు. పులికాట్‌లో ఫ్లెమింగోలైతే మరీను. రోడ్డు మీద నుంచి చూస్తే గులాబీ రంగు గీత. 500లో కూడా గీత కాస్త లావవుతుంది, అంతే.

జెడ్5 టూలో డీఎక్స్ మోడ్ పెడితే?


ఉప్పుగాలి | గూడూరు | సోమవారం రాత్రి 9:30

డీఎక్స్ మోడ్ అంటే మాస్టారు చెప్పిన ఖాళీని కెమెరానే కత్తిరించి పారేయడం. వ్యూఫైండర్‌లో పక్షి పెద్దగా కనపడుద్ది, అది మంచిదే, ఎగిరేదాన్ని వెంబడించడానికి బో సులువు. కానీ ఫైల్‌లో మిగిలేది పది మెగాపిక్సెళ్ళ చిల్లర. జెడ్50 టూలో అదే ముక్కకి 20.9. నేను జెడ్50 టూనే వాడుతున్నా.

అబ్బయ్యా, ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పొద్దున తొమ్మిదిన్నర దాటాక పులికాట్ మీద ఏ సెన్సరూ పనిచెయ్యదు. నీళ్ళు, ఉప్పు పర్ర వేడెక్కి గాలి వణుకుద్ది. దూరంగా ఉన్న పక్షి కాళ్ళు వంకర్లు తిరిగిన తాళ్ళ లాగా వస్తాయి. మొదటి ఏడు అది లెన్సు జబ్బు అనుకుని చెన్నై దాకా మోసుకుపోయినా. లెన్సు బాగానే ఉందన్నారు. తర్వాత అదే లెన్సుతో ఆరున్నరకి తీస్తే ఈకలు లెక్కపెట్టొచ్చు. ఎక్కువ పిక్సెళ్ళున్న సెన్సరైతే ఆ వణుకుని ఇంకా శ్రద్ధగా రికార్డు చేసి పెడుద్ది, అంతే తేడా.


పాత నెగటివ్ | నెల్లూరు | సోమవారం రాత్రి 10:45

ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన వాణ్ణి. మీరు ఫుల్ ఫ్రేమ్, ఫుల్ ఫ్రేమ్ అంటుంటే నవ్వొస్తది. ఆ 36 × 24 మి.మీ. మా 35 ఎం.ఎం. రీలు సైజు. ఆ రోజుల్లో దాన్ని మేము చిన్న ఫార్మాట్ అనేవాళ్ళం! గ్రూప్ ఫోటో, పెద్ద ఎన్‌లార్జిమెంటు అంటే దానికన్నా వెడల్పైన 120 రీలు తీసేది. ఇప్పుడు అదే చిన్నది 'ఫుల్' అయిపోయింది.

గ్రెయిన్ సంగతి కూడా కొత్తది కాదు. 400 స్పీడు రీల్లో ఓ మూల ముక్కని పెద్దది చేస్తే గ్రెయిను లేస్తది. నెగటివ్ అంతా వాడితే లేవదు. మాస్టారు వడ్లతో చెప్పారు, నేను డార్క్ రూములో నేర్చుకున్నా.

స్క్రీన్ మీద కొట్టుకోవద్దు. రెండు కెమెరాలతో ఒకే పక్షిని తీసుకురండి. 12 × 18 ప్రింటు నేను వేయిస్తా.


గెలాక్సీ రాయి | చీమకుర్తి | మంగళవారం ఉదయం 6:40

సెన్సర్ ఏదైనా కొనండి, దుమ్ము గురించి మాత్రం ఆలోచించండి. మా ఊళ్ళో క్వారీల గ్రానైట్ దుమ్ము గాల్లోనే ఉంటది. ఈ మిర్రర్‌లెస్ వాటిల్లో లెన్సు తీయంగానే సెన్సర్ నోరు తెరుచుకుని కూర్చుంటది, ముందర అద్దం లేదు. నోటితో ఊదొద్దు. నేను ఊదినా. తుంపర పడి ఎండి మచ్చ కట్టింది. రబ్బరు బ్లోయర్‌తో, కెమెరాని కిందికి వంచి ఊదాలి. తడి స్వాబ్ వాడితే సెన్సర్ సైజుకి తగ్గది కొనాలి, ఫుల్ ఫ్రేమ్‌కి 24 మి.మీ.ది, క్రాప్‌కి 16ది.


ఒంగోలు ఫ్లాష్ | ఒంగోలు | మంగళవారం ఉదయం 8:20

దుమ్ము అన్నారు కాబట్టి నా పాపం కూడా చెప్పేస్తా. కొత్తపట్నం బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్. గాలి. 85 తీసి 24-70 పెట్టినా, అరనిమిషం. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఎఫ్ 2లో తీసినవన్నీ ముత్యాలు. ఎఫ్ 11లో ఆకాశం పెట్టి తీసిన నలభై ఫోటోల్లో అబ్బాయి తల పైన ఒకటే చోట బూడిదరంగు మచ్చ, ఈగ వాలినట్టు. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కంత) మూసేకొద్దీ దుమ్ము నీడ గట్టిపడద్దని అప్పుడు తెలిసింది. నలభైలోనూ కూర్చుని చెరిపినా. ఇప్పుడు ప్రతి షూట్‌కి ముందు ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్నో తెల్ల గోడనో ఒకటి తీసి చూసుకుంటా.

సరే, ఆదివారం నాకు పెళ్ళి లేదు. నా జెడ్5 టూ తీసుకుని నేలపట్టు వస్తా. ఉప్పుగాలి అన్నా, నీది తెస్తావా? లెన్సు పెన్నాతీరం అన్నది.


ఉప్పుగాలి | గూడూరు | మంగళవారం ఉదయం 8:31

తెస్తా. ఆరుకల్లా గేటు దగ్గర ఉండాల. టిఫిను తర్వాత చూసుకుందాం.


కావలి కుర్రోడు | కావలి | బుధవారం రాత్రి 9:00

నేనూ రావచ్చా? ఇంకో డౌటు. బీఎస్ఐ సెన్సర్ అంటే ఏంది? జెడ్5 టూలో ఉంది, జెడ్50 టూలో లేదు అంటున్నారు.


లెక్కల మాస్టారు | కందుకూరు | బుధవారం రాత్రి 10:10

మామూలు సెన్సర్‌లో వెలుతురు పట్టే పొర పైన వైర్లు అడ్డంగా ఉంటాయి. బీఎస్ఐలో దాన్ని తిరగేసి వైర్లని వెనక్కి పెట్టారు. పందిరి కింద ఆరేసిన బట్టల్ని డాబా మీద ఆరేసినట్టు. కాకపోతే ఈ లాభం ఫోన్లలాంటి బుల్లి పిక్సెళ్ళకి ఎక్కువ. ఇంత పెద్ద పిక్సెళ్ళకి కొద్దిగానే. ఆ పేరు చూసి డబ్బు పెట్టక్కర్లేదు.

జెడ్50 టూ సెన్సర్ 20.9 మెగాపిక్సెళ్ళ కుటుంబం, 2016లో డి500తో మొదలైంది. పాతదే. కానీ ఆ డి500తో పక్షుల ఫోటోలు తీసినవాళ్ళని అడగండి, ఎవరూ తిట్టరు.


పెన్నాతీరం | నెల్లూరు | ఆదివారం రాత్రి 9:15

పోయొచ్చాం. నాలుగు బళ్ళు, ఆరుగురు మనుషులు, ఒక్క లెన్సు.

టవర్ మీద ట్రైపాడ్ వేసి 200-500 బిగించి, బాడీలు మాత్రం మార్చాం. రెండు కెమెరాల్లోనూ 500 మి.మీ., ఎఫ్ 5.6, 1/1000, ఐఎస్ఓ 1600. ఎదురుగా కడప చెట్టు మీద గూడబాతు, దాని కింద రెండు పిల్లలు. పిల్ల తల్లి గొంతులోకి మెడ దాకా తల దూర్చి చేప లాక్కుంటోంది. మొదటిసారి చూసిన ఒంగోలు తమ్ముడు తీయడం మానేసి నోరు తెరుచుకుని చూస్తుంటే, ఉప్పుగాలి అన్న వీపు మీద చరిచాడు.

లాప్‌టాప్‌లో నూరు శాతం పెట్టి చూస్తే జెడ్5 టూ ఫోటో నున్నగా ఉంది, జెడ్50 టూది గరుకుగా. 'చూశారా' అన్నాడు తమ్ముడు. తర్వాత మాస్టారు ఫోన్‌లో చెప్పినట్టు రెండిట్లోనూ పక్షిని ఒకే పొడవుకి తెచ్చాం. గరుకు పోయింది. నీడ పడ్డ రెక్క కింద రెండూ ఒకే తీరు. తేడా ఎక్కడంటే ముక్కు దగ్గర. గూడబాతు పై దవడ అంచున వరసగా మచ్చలుంటాయి, ముక్కుపుడక రాళ్ళలాగా. జెడ్50 టూలో ఒక్కో మచ్చ విడివిడిగా లెక్కపెట్టాం. జెడ్5 టూలో చివరి నాలుగైదు కలిసిపోయాయి. మెడ వెనక ఉంగరాల ఈకలు కూడా అంతే.

ఒక్కచోట జెడ్5 టూ గెలిచింది. సూర్యుడు లేవకముందు చెరువంతా, చెట్లన్నీ, పైన గుంపుగా ఎగిరే కొంగలు, అన్నీ కలిపి 24-70తో ఒక ఫోటో. ఫ్రేము నిండా బొమ్మే. నల్లగా ఉన్న చెట్లని తర్వాత వెలిగిస్తే జెడ్5 టూలో ఆకులొచ్చాయి, జెడ్50 టూలో మట్టి రంగు మచ్చలొచ్చాయి. కళ్ళం నిండింది మాస్టారూ.

తొమ్మిదిన్నరకి గాలి వణకడం మొదలైంది. రెండు కెమెరాలూ సమానంగా చెడిపోయాయి. దోసెలకి పోయాం.


ఒంగోలు ఫ్లాష్ | ఒంగోలు | ఆదివారం రాత్రి 10:02

ఒప్పుకుంటన్నా. పక్షికి కాదు, పెళ్ళికే.

ఇంకోటి చెప్పడం మరిచిపోయా. అక్కడ చప్పుడు కాకూడదని సైలెంట్ షట్టర్ పెట్టి ఎగిరే గూడబాతుని తీస్తే రెక్క కొడవలిలా వంగొచ్చింది. ఈ రెండిట్లోనూ స్టాక్డ్ సెన్సర్ (బొమ్మని చాలా వేగంగా చదివే రకం) కాదు, పైవరస నుంచి కింద వరస దాకా చదివేలోపు రెక్క జరిగిపోతంది. జెడ్8లాంటి వాటిల్లో ఆ బాధ దాదాపు లేదు, అందుకే దానికి మెకానికల్ షట్టరే పెట్టలేదు. కానీ ఆ ధరకి మాకు రెండు సీజన్లు పడద్ది. పెన్నాతీరం అన్నా, స్కూలు స్టేజీ మీద ఎల్ఈడీ లైట్లుంటే కూడా మెకానికల్ షట్టరే వాడు. నేనోసారి సైలెంట్‌లో తీసి స్టేజీ అంతా నల్లచారలు తెచ్చినా. పెళ్ళికూతురు వాళ్ళ నాన్న 'ఇదేంది, జీబ్రా ఎఫెక్టా' అన్నాడు.


పాత నెగటివ్ | నెల్లూరు | బుధవారం సాయంత్రం 6:30

ప్రింట్లు వచ్చినయి. 12 × 18, రెండిట్లోనూ పక్షి ఒకే సైజు. వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి షాపుకొచ్చిన తొమ్మిది మందికి చూపించినా. అయిదుగురు తేడా లేదన్నారు. ముగ్గురు జెడ్50 టూది పట్టుకున్నారు, ముక్కు చూసి. ఒకాయన ప్రింట్లు పక్కన పెట్టి 'ఆ పిల్ల ఊపిరెట్టా పీల్చుకుంటది?' అని అడిగాడు.


పెన్నాతీరం | నెల్లూరు | బుధవారం రాత్రి 9:20

జెడ్50 టూ ఆర్డరు పెట్టేశా. మిగిలిన డబ్బుతో స్టేజీ కోసం వెలుతురు బాగా పట్టే చిన్న ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు ఒకటి. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దేది) లేదని తెలుసు. 200-500లో అదే పని చేసే వీఆర్ ఉంది కాబట్టి పక్షులకి నష్టం లేదు, స్టేజీకి మాత్రం చెయ్యి బిగపట్టాలి. వార్షికోత్సవం ఏడాదికొకటి, ఆదివారాలు మార్చి దాకా ఉన్నాయి. రిసెప్షన్లు ఇకమీదట ఒంగోలు తమ్ముడికే అప్పజెబుతా.


కావలి కుర్రోడు | కావలి | బుధవారం రాత్రి 9:24

అన్నా, డి5300 అమ్ముతావా? కిట్ లెన్సు చాలు.


పెన్నాతీరం | నెల్లూరు | బుధవారం రాత్రి 9:41

అమ్మను. షట్టర్ బటన్ బాగుచేయించి ఇస్తా, సగం ఖర్చు నీది. ఈ ఆదివారం ఆరుకి గేటు దగ్గర ఉండు.